బుడాన్ కుట్టిన ఇద్దరి గుడారం

బుల్లయ్య చెప్పు తీసి బుడాన్‌ను చెంప మీద కొట్టినప్పుడు వినుకొండ బజారులో నలభై మందికి తక్కువ లేరు. ఒక్కడూ అడ్డం రాలేదు. ఎనభై రెండో సంవత్సరం, పునర్వసు కార్తె. పొద్దుటి నుంచీ ముసురు. బుడాన్ తన కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు, కాళ్లింకా పెడలు మీదే ఉన్నాయి.

"ఊపిరాడకుండా చంపావు కదరా సాయిబూ! నా తమ్ముణ్ణీ, నా మరదల్నీ ఒక్క సంచిలో మూటగట్టి చంపావు కదరా!"

బుడాన్‌కు యాభై దాటాయి. బుల్లయ్య కంటే పదిహేనేళ్లు పెద్ద. చెంప తడుముకోలేదు. ఒకే మాట అడిగాడు.

"గుడారం పైన కంత మూసుకున్నారా, తెరిచి ఉందా?"

"మూసుకోకేం చేస్తారు? ఆ వానకి నోరు తెరుచుకుని పడుకుంటారా?"

ఆ జవాబు విన్నాక బుడాన్ మొహంలో రక్తం లేదు. తల దించుకున్నాడు. చూస్తున్నవాళ్లకు అది చాలు, తప్పు ఒప్పుకున్నట్టే. అంతకుముందు బుడాన్ మిగతా కాపరులకు కుట్టిచ్చిన ఆరు గుడారాలనూ సాయంత్రానికల్లా తెచ్చి అంగడి ముందే తగలబెట్టారు. ఆ గుడ్డ మండదు, కరుగుతుంది. వాన చినుకుల్లో బొట్లు బొట్లుగా నేల మీద పడి నల్లటి బిళ్లలు కట్టింది. చుట్టూ నిలబడినవాళ్లు ముక్కు మూసుకుని మరీ చూశారు. పెళ్లిళ్లకు బుడాన్ షామియానాల కింద కూర్చుని విస్తళ్లు నాకినవాళ్లే వాళ్లంతా.

బుడాన్ దూదేకులవాడు. తండ్రి భుజాన విల్లు వేసుకుని పల్లె పల్లె తిరిగి పరుపుల్లో దూది ఏకినవాడు. కొడుకు కుట్టు నేర్చుకుని షామియానాలూ లారీల పట్టాలూ కుట్టే పనిలో పడ్డాడు. పెద్ద గుడ్డ మీద చెయ్యి తిరిగిన మనిషి. అలాంటివాడి దగ్గరకు అంతకు ముందు సంవత్సరం వేసవిలో పోలయ్య ఒక వింత కోరిక కోరుతూ వచ్చాడు.

పోలయ్య బుల్లయ్యకు తమ్ముడు. గొర్రెల కాపరులు వాళ్లు. మిరప కోతలయ్యాక రైతులు చేలల్లో మంద కట్టించుకుంటారు. రాత్రిళ్లు గొర్రెలు ఆ చేలో పడుకుంటే నేలకు ఎరువు, అందుకు ప్రతిగా కాపరికి గింజలు కొలుస్తారు. తొలకరి పడి నల్లరేగడంతా పత్తి విత్తనానికి సిద్ధమైతే గొర్రెకు కాలు మోపే చోటుండదు. అప్పుడు మందలు పడమటికి, నల్లమల వైపు నడుస్తాయి. నాలుగు నెలలు నడకే. కాపరికి మీద గొంగడి, కింద నేల. ఆడవాళ్లు ఊళ్లో ఉండిపోతారు. పోలయ్య కొత్త పెళ్లాం కోటిరత్నం మాత్రం ఉండనని మొండికేసింది. ఒక ఏడు వెంట నడిచింది కూడా. వానకు నాని, జ్వరంతో తిరిగొచ్చి, మూడో నెల కడుపు పోగొట్టుకుంది.

"ఇద్దరం పట్టే గుడారం కావాలి బుడాన్ బాబాయ్," అన్నాడు పోలయ్య. "ఒక్కడి భుజాన మోయాలి. వాన చుక్క లోపలికి రాకూడదు."

పక్కనే ఉన్న బుల్లయ్య నవ్వాడు. "ఇంకా నయం. మంచం, పందిరీ, అత్తగార్ని కూడా అందులోనే కుట్టి ఇమ్మను."

"నువ్వు నవ్వకు అన్నా. వానలో పెళ్లాం వణుకుతుంటే నీకేం తెలుసు, నీ పెళ్లాం ఇంట్లో ఉంటే!"

"లారీ పట్టా అయితే నలభై కిలోలు," అన్నాడు బుడాన్. "కాన్వాసు అయితే తడిస్తే గాడిదైనా మొయ్యదు. పోనీ, ఆలోచించనీ."

మూడు నెలలు ఆలోచించాడు. గుంటూరులో ఒక పాతసామాన్ల అంగట్లో మిలిటరీ వాళ్లు పనికిరాదని అమ్మేసిన పారాచూట్ గుడ్డ దొరికింది. ఉల్లిపొరలా ఉంటుంది, ఎద్దు లాగినా చిరగదు. దానికి మైనం, అవిసె నూనె కలిపి కాచి పట్టించాడు. కుట్టు పడ్డ ప్రతి చోటా గుడ్డను రెండు మడతలు వేసి, సూది బెజ్జాల మీద మళ్లీ మైనం రుద్దాడు. గుడారానికి వేరే రాటలు పెట్టలేదు. పోలయ్య చేతికర్రే ముందు రాట, కోటిరత్నం నడక కర్ర వెనక రాట. పగలు చేత పట్టుకుని నడిచేవి, చీకటి పడితే ఇల్లు నిలబెడతాయి. తుమ్మకొయ్య మేకులు ఎనిమిది. మనుషుల ఊపిరే లోపల చెమ్మై కారుతుందని, పైన జానెడు కంత పెట్టి, దానికో రెప్ప కుట్టాడు.

పెరట్లో గుడారం నిలబెట్టి, తనూ భార్య కరీమున్నూ లోపల కూర్చుని, బిందెలతో నీళ్లు పోయించుకున్నారు. కరీమున్ పొడి చీరతో బయటికొచ్చి అందరికీ కొంగు చూపించింది. మిరపకాయల కాటాలో పెట్టి తూస్తే తాళ్లతో, మేకులతో సహా కిలోంబావు తూగింది.

"ఏం సాయిబూ, దోమతెరకి మబ్బు ముక్క అతికావా?" అన్నాడు కాటా మనిషి.

"నా గొంగడి రెండున్నర కిలోలు," అన్నాడు బుల్లయ్య. అతనికి ఆ రోజు నిజంగా అసూయ వేసింది. తరవాత ఎన్నోసార్లు ఆ అసూయ గుర్తొచ్చి ఒళ్లు జలదరించేది.

ఒక ఏడు ఆ గుడారం బాగా పనిచేసింది. రెండో ఏడు, బొల్లాపల్లి దాటి అడవి అంచున మంద ఉందని కబురు తెలిసి, బుల్లయ్య బస్సులో అర బస్తా జొన్నలు వేసుకుని వెళ్లాడు. తమ్ముడి దగ్గర గింజలు అయిపోవచ్చాయి మరి. బస్సులో తల నొప్పితో పగిలిపోయింది, కడుపులో తిప్పింది. డీజిలు వాసనకనుకున్నాడు. బస్తా ఇచ్చి, ఆ రాత్రి పక్క మందలో చుట్టాల దగ్గర పడుకున్నాడు. వాన కుండపోతగా పడింది. గింజలు తడవకూడదని పోలయ్య వాళ్లు బస్తాను గుడారంలోకి లాక్కుని, తలాపున పెట్టుకున్నారు. రెప్ప దించి కట్టుకున్నారు.

తెల్లవారి గుడారం ముడి విప్పింది బుల్లయ్యే. ఇద్దరూ పక్కపక్కన, ఒకరి చెయ్యి ఒకరి మీద. మొహాలు నీలం. లోపల ఏదో పాచి వెల్లుల్లి వాసన. పోలీసులు వచ్చి చూసి, ఊపిరాడక అని కాగితం మీద రాసుకుని, వేలిముద్రలు వేయించుకుని పోయారు.

ఆ తరవాత వినుకొండలో బుడాన్‌కు పనిచ్చినవాడు లేడు. బుల్లయ్యకు అతని సంగతులు టీ అంగళ్లలో తెలిసేవి, అవీ నవ్వుతూ చెబితేనే.

"మీ సాయిబుకి పిచ్చెక్కింది తెలుసా బుల్లయ్యా? మళ్లీ అదే గుడారం కుట్టాడంట. పెరట్లో వేసుకుని, కంత మూసుకుని, పట్టపగలు లోపల పడుకుంటన్నాడంట."

"చచ్చాడా?"

"ఎక్కడ! పొద్దుగూకాక లేచొచ్చి, నేనెందుకు చావట్లేదని పెళ్లాన్నడుగుతున్నాడంట. ఒక్కడివి కాబట్టి అందంట ఆవిడ. అయితే నువ్వూ వచ్చి పడుకో, ఇద్దరం చూద్దాం అన్నాడంట. ఆ దెబ్బకి పుట్టింటికి పోయింది!"

అందరూ నవ్వారు. బుల్లయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇంటిదాకా వెంట వచ్చింది గాని, ఇంట్లోకి రాలేదు. ఒక ఏడాదికి కరీమున్ తిరిగొచ్చిందనీ, ఇద్దరూ ఊరు వదిలి పిడుగురాళ్ల పోయారనీ తరవాత విన్నాడు. ఆమె ఇప్పుడు భర్త కుట్టిన రవిక కూడా తొడుక్కోదట.

బుల్లయ్యను మాత్రం ఆ గుడారం వదల్లేదు. గాలి లేచిన రోజున పత్తిచేల మీద పలుచటి గుడ్డ కొట్టుకుంటున్న చప్పుడు వినిపించేది. మిరపకల్లాల్లో వాన భయానికి కాయల రాసుల మీద పట్టా కప్పితే, ఆ పట్టా కింద రెండు ఎత్తులు కనిపించేవి. దగ్గరికి పోయి కాలితో తన్ని చూసేవాడు. కాయలే. కల్లం వాళ్లు తిట్టేవారు. నిద్రలో ముడి విప్పుతూనే ఉండేవాడు, అది ఎంతకీ ఊడి వచ్చేది కాదు. అతనికి బుడాన్ మీద కోపం ఉండబట్టే ఆ నాలుగేళ్లూ బతకగలిగాడు. కోపానికి ఒక మొహం ఉంది, ఒక ఊరుంది, దాన్ని తిడితే అన్నం సహించేది.

ఎనభై ఆరులో, మంద పర్చూరు వైపు తోలినప్పుడు, వెంకటరావమ్మ అనే ఆసామీ ఇంట గింజలు కొలిపించుకోవడానికి వెళ్లాడు. ఆమె భర్త పోయాక పొలం తనే చూసుకునే మనిషి, గొంతు పెద్దది.

"ఆ గది తలుపు తియ్యమాక! కంది బస్తాల్లో పురుగుకి బిళ్లలు పెట్టాం. నిన్న రెండు కోళ్లు దూరి చచ్చి ఊరుకున్నాయి."

అప్పటికే అతను గడియ తీశాడు. పాచి వెల్లుల్లి వాసన మొహాన కొట్టింది. గడప మీద కూలబడ్డాడు.

"ఏం బిళ్లలమ్మా?"

"జొన్నలకీ కందులకీ వేస్తారే, ఆ తెల్ల బిళ్లలు. చెమ్మ తగిలితే చాలు, విషప్పొగ వదుల్తాయంట. మా అల్లుడు చెప్పాడు."

"మనుషులకేమన్నా అవుద్దా?"

"బాగుందయ్యా అడగటం! తలుపేసుకుని ఆ గదిలో పడుకుంటే తెల్లారి లేస్తారా ఏంటి?"

బుల్లయ్య లేచి గడియ మళ్లీ పెట్టాడు. నాలుగేళ్ల కిందట తమ్ముడి జొన్నల బస్తా మూతి కట్టే ముందు, ఒక రైతు దగ్గర అడిగి తెచ్చుకున్న మూడు తెల్ల బిళ్లలు గుడ్డపేలికలో చుట్టి జొన్నల మధ్య పెట్టింది తనే. అడవిలో నెల రోజులు నిలవుండాలి, తమ్ముడు పురుగు తినకూడదని. ఇచ్చిన రైతు ఏమీ చెప్పలేదు, తనూ అడగలేదు. వండే ముందు ఆ పేలిక తీసెయ్యమని మాత్రం కోటిరత్నానికి చెప్పాడు. ఆ పిల్ల తల ఊపింది.

రెండేళ్లు ఎవరితోనూ అనలేదు. అంటే ఏం అనాలి? వాళ్లమ్మ బతికే ఉంది, చిన్నకొడుకు ఫొటోకు రోజూ బొట్టు పెడుతోంది. మందలో పెద్దమనిషి ఇప్పుడు తనే, తగువులు తీర్చేది తనే. రెండుసార్లు పిడుగురాళ్ల బస్సెక్కి సగం దారిలో దిగిపోయాడు. ఎదుటివాడి మీద చెప్పెత్తడానికి ఒక్క క్షణం చాలింది. దాన్ని దించడానికి ఆరేళ్లు పట్టింది.

ఎనభై ఎనిమిది వేసవిలో దిగకుండా వెళ్లాడు. సున్నపు బట్టీల వెనక వరసగా రేకుల ఇళ్లు. ఒక ఇంటి ముందు నీడలో బుడాన్ కూర్చుని దబ్బనంతో సున్నం బస్తాల మూతులు కుడుతున్నాడు. కనుబొమల్లో సున్నం, కళ్లు ఎర్రగా పుండ్లలా ఉన్నాయి. అడుగుల చప్పుడుకు తలెత్తాడు గాని గుర్తుపట్టలేదు.

"ఎవరు?"

"బుల్లయ్యని, బాబాయ్. పోలయ్య అన్నని."

దబ్బనం ఆగింది. బుడాన్ పక్కనున్న గోనె జరిపి, "కూర్చో," అన్నాడు.

బుల్లయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. జొన్నలూ, పేలికా, వానా, కోళ్లూ. ఎదురుగా బట్టీ పొగ తెల్లగా లేస్తోంది. అంతా విన్నాక బుడాన్ అడిగాడు.

"ఎన్ని బిళ్లలు?"

"మూడు."

"కంత తెరిచి ఉంటే బతికేవాళ్లా?"

"బస్తా తలాపునే ఉంది బాబాయ్. ఆరుబయట పడుకున్నా బతికేవాళ్లో లేదో."

బుడాన్ తన చేతులకేసి చూసుకున్నాడు. ఒక చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఎవరిదో చెయ్యి పరీక్షిస్తున్నట్టు తిప్పి తిప్పి చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండేళ్లయింది."

"రెండేళ్లు," అన్నాడు బుడాన్. గొంతులో కోపం ఉంటే బుల్లయ్యకు తేలికగా ఉండేది.

"కాళ్లు పట్టుకుంటాను బాబాయ్. వినుకొండ బజారుకి రా. ఆ చెప్పే నీ చేతికిస్తాను. అందరూ చూస్తుండగా..."

"నాకెందుకయ్యా వినుకొండ? అక్కడ నాకెవరున్నారు?"

లోపల పొయ్యి దగ్గర గిన్నె చప్పుడైంది. ఇద్దరూ అటు చూశారు. బుల్లయ్య ఇక సెలవు తీసుకుందామని చేతులు జోడించాడు. మనసులో బరువు దిగుతుందనుకుని వచ్చినవాడు, అది దిగకపోయినా చెప్పడమైతే అయిందనుకున్నాడు. ఆ రోజు తరవాత వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదు. ఆ ఏడు శీతాకాలంలో బుడాన్ పోయాడని బుల్లయ్యకు మరుసటి ఉగాది తరవాత గాని తెలియలేదు.

అప్పుడు, ఆ ఇంటి ముందు, బుడాన్ లేచి నిలబడ్డాడు. వెళ్లబోతున్న బుల్లయ్య భుజం పట్టుకుని, తలుపు వైపు తిప్పాడు.

"కరీమున్ లోపలుంది. నేను చెబితే నమ్మదు. నువ్వు చెప్పి పో."