పెళ్లి కుదిర్చిన క్రోమోజోములు

మొన్న భుజం నొప్పికి సూర్యాపేటలో ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్తే, నేను చొక్కా గుండీలు పెట్టుకునేలోపే నా ఎముకలు కంప్యూటరు తెర మీద ప్రత్యక్షమయ్యాయి. తీసిన అమ్మాయి నా ముఖం చూసి, భయపడకండి అంకుల్, ఏం కాదు అంది. నేనూ జీవితమంతా అదే పని చేసి రిటైరైనవాడినని ఆమెతో చెప్పలేదు గాని, ఆ "ఏం కాదు" అన్న ముక్కను రుజువు చేయడానికి ఒకప్పుడు ఎంత అవస్థ పడ్డానో తలుచుకొని ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఎనభైల చివర్లో నేను కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రేలు తీసేవాడిని. మిర్యాలగూడ సంబంధం ఒకటి దాదాపు ఖాయమైంది, పిల్ల నాకు బాగా నచ్చింది. లగ్నం పెట్టుకునేలోపు ఎవరో పుణ్యాత్ములు, ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ల నెత్తురు చెడిపోతుందని, పిల్లలు పుట్టరని పిల్ల తండ్రి చెవిలో ఊదారు. ఆయన కబురైనా పంపకుండా బస్సెక్కి నేరుగా నా గదికొచ్చి, గుమ్మం దాటకుండా బయటే నిలబడి అడిగారు.

"ఏమనుకోకు బిడ్డా, నీ నెత్తురు మంచిగనే ఉన్నదా?"

ఆ భయం లోలోపల నాకూ ఉండేది. ఎండాకాలం ఉక్కకు తాళలేక, ఎక్స్‌రే కిరణాలు ఒంటికి తగలకుండా కట్టుకునే సీసపు యాప్రాన్‌ను మేకుకే వదిలేసి పని కానిచ్చిన రోజులు నాకు తెలుసు గదా.

దిక్కు తోచక మా మేనబావకు ఉత్తరం రాశాను. ఆయన హైదరాబాదులో, రేడియేషన్ తగిలితే మనిషి నెత్తుటి కణాల్లోని క్రోమోజోములు ఎలా తెగుతాయన్నదాని మీద పరిశోధన చేస్తుండేవాడు. నా పెళ్లి ఆగిపోతున్నందుకు బాధపడతాడనుకుంటే, నెత్తురిచ్చే మనుషులు దొరక్క అల్లాడుతున్నవాడు గనుక, ఐసు నింపిన ఫ్లాస్కుతో సంబరంగా వచ్చి వాలాడు. పోల్చి చూడటానికి ఎక్స్‌రే ఎరుగని మనిషి నెత్తురు కూడా కావాలన్నాడు. పిల్ల తండ్రి మళ్లీ కోదాడ వచ్చి, నెత్తుటికి జడిసే వంశం కాదు మాదంటూ మీసం దువ్వి చెయ్యి చాపి, సూది కనబడగానే బల్ల మీదికి ఒరిగిపోయారు. తెలివి వచ్చాక కళ్లు మూసుకొని నెత్తురిచ్చి, పడిపోయిన సంగతి ఇంట్లో చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నారు. సంబంధం సగం నిలబడిందని అప్పుడే అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో, సూర్యాపేట బస్టాండులో బస్సు ఆగినప్పుడు బావ పక్కన కూర్చున్నావిడ ఆ ఫ్లాస్కులో చాయ్ ఉందనుకొని గ్లాసు చాపిందట. బావ ఉన్న సంగతి చెప్పాడు. అక్కణ్నుంచి హైదరాబాదుదాకా ఆ సీటు మొత్తం ఆయనదే.

మూడు వారాల తరువాత బావ క్రోమోజోముల ఫొటోలు పట్టుకొని మిర్యాలగూడ వచ్చి, వాళ్లింట్లో పెద్దల నడుమ చాప మీద పరిచాడు. నా నెత్తుటినీ పిల్ల తండ్రి నెత్తుటినీ మూడేసి వాటాలు చేశాడట. ఒకదాన్ని ఊరికే ఉంచి, రెండోదానికి కొంత రేడియేషన్‌ను కొద్ది నిమిషాల్లోనే ఇచ్చి, మూడోదానికి సరిగ్గా అంతే రేడియేషన్‌ను గంటల తరబడి సన్నగా ఇచ్చాడట. ఊరికే ఉంచిన వాటాల్లో నా కణాలకూ పిల్ల తండ్రి కణాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదన్నాడు. ఒక్కసారిగా ఇచ్చిన దాంట్లో తెగిన క్రోమోజోములు, తెగి తప్పుగా అతుక్కున్నవి బోలెడు. నెమ్మదిగా ఇచ్చిన దాంట్లో అలాంటివి బాగా తక్కువ. రేడియేషన్ అంతే అయినప్పుడు దెబ్బ ఎందుకు తగ్గిందో ఎవరికీ అర్థం కాక అందరూ ఫొటోల వంకే చూస్తున్నారు. అంతలో, మూలన బియ్యం చెరుగుతున్న పిల్ల నాయనమ్మ చేట పక్కన పెట్టింది.

"ఆగు సారూ. తూము ఒక్కపారే ఎత్తితే మడి గట్టు తెగుతది. గవ్వే నీళ్లు పొద్దందాక సన్నగ ఇడిస్తే, తెగిన కాడ మట్టేసుకునే యాళ్ల దొరుకుతది. గంతేనా?"

అంతేనని, నెమ్మదిగా తగిలితే తెగినదాన్ని అతికించుకోవడానికి కణానికి వ్యవధి దొరుకుతుందని, తన పరిశోధన గైడుకు కూడా ఇంత సూటిగా ఏనాడూ చెప్పలేకపోయానని బావ ఒప్పుకున్నాడు. అయితే తక్కువ అంటే అసలు లేదని కాదని, ఈ పనిలో యాప్రాన్ కట్టుకోవాల్సిందేనని కూడా అన్నాడు. ముసలమ్మ చూపు నా మీదికి తిరిగింది.

"మరి నువ్వు కడుతున్నవా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఎండాకాలం కట్టుకోవడం లేదని చెప్పేశాను. బావ తల పట్టుకున్నాడు. ముసలమ్మ మాత్రం కొడుకు వైపు తిరిగింది.

"నిజం జెప్పిండు. పిల్లనిద్దాం. గని నేనే పొయ్యి సూసొస్త."

అన్నట్టే మరుసటి వారం కోదాడ దిగి, రోగులందరూ చూస్తుండగా యాప్రాన్ తాళ్లు తన చేత్తో నాకు ఊపిరాడనంత బిగించి కట్టింది. పెళ్లయ్యాక కూడా, ఏ నెలలో ఏ బస్సు దిగి వస్తుందో తెలియక, ఏనాడూ అది విప్పి పనిచేసే ధైర్యం చేయలేదు. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మా మామగారు మాత్రం తన నెత్తుటిని కొలబద్దగా పెట్టుకొనే పరిశోధన నడిచిందని బతికినన్నాళ్లూ చెప్పుకున్నారు.

ఇప్పుడు అనుమానమొస్తే ఫోన్లో నాలుగు ముక్కలు చదివి, కారణమైనా చెప్పకుండా సంబంధం వదులుకుంటున్నారు. మన పెద్దలకు చదువు తక్కువే గాని, సందేహాన్ని మనసులో కుళ్లబెట్టుకోక ఎదుటికొచ్చి అడిగేవాళ్లు, జవాబు సరిపోతే మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు. అలా ముఖం మీదే అడిగి, విన్నాక నన్ను నమ్మే పెద్దదిక్కు ఇప్పుడు నాకు ఒక్కరూ మిగల్లేదు.