డబ్‌స్టెప్‌లో ‘స’

నాకు కోపం ఎక్కువ. ఆ కోపమే లేకపోతే నా చెవుల సంగతి ఏడాది ముందే తెలిసేది. వినపడనప్పుడల్లా తప్పు ఎదుటివాళ్లదే అనుకున్నాను. ఈ కాలం పిల్లలు నోరు పూర్తిగా తెరవరనుకున్నాను. రేడియో పాడైందని కొత్తది కొన్నాను, అదీ పాతదానిలాగే గొణిగింది. హార్మోనియం పై మెట్లు పలకడం లేదని హైదరాబాదు దాకా మోసుకెళ్లి బాగు చేయించాను. వారం తిరక్కుండా మళ్లీ తీసుకెళ్లి, ఆ రిపేరు చేసే పెద్దమనిషిని గిరాకీల ముందే నానా మాటలన్నాను. ఆయన ఒక్కొక్క మెట్టే నొక్కి చూపించాడు. సగం దాటాక నాకేమీ వినపడలేదు. నన్ను మోసం చేస్తున్నాడనే అనుకుని వచ్చేశాను.

ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా పొలం ప్లాట్లుగా పోయాక మిగిలిన రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకుని నేను, నా భార్య, ఇంజనీరింగు చదివే మా అమ్మాయి ఉంటున్నాం. నన్ను తెలుగు సారు అనేవాళ్లకంటే భజన సారు అనేవాళ్లే ఎక్కువ. శనివారం సాయంత్రం హనుమాండ్ల గుడిలో పాట ఎత్తుకునేది నేనే. పదిహేనేళ్లుగా నేను పట్టిన శ్రుతిలోనే అందరూ పాడారు. పాడకపోతే నేను ఊరుకునేవాణ్ని కాను.

ఒక శనివారం పాట సగంలో ఆపి, "తాళాలు ఎందుకు ఏస్తలేరు? చేతులు నొస్తున్నయా?" అని కసిరాను. నా పక్కన డోలకు వాయించే ఆయన నాకు చిన్నప్పటి దోస్తు. ఆయన చేయి ఆపేసి నన్నే చూశాడు. ఎదురుగా ఇద్దరు ఇత్తడి తాళాలు చేతుల్లో పట్టుకుని బిత్తరపోయి ఉన్నారు.

"ఏస్తనే ఉన్నరు గదరా," అన్నాడు నా దోస్తు. తర్వాత దగ్గరికి వంగి, "పానం మంచిగున్నదా?" అని అడిగాడు.

గొంతు బాగాలేదని చెప్పి లేచి వచ్చేశాను. ఆ తర్వాత గుడికి పోలేదు.

తెలిసినవాళ్లు కనపడరని మీర్‌పేట్ దాకా వెళ్లి ఒక చెవుల దవాఖానలో పరీక్ష చేయించుకున్నాను. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు విన్నప్పుడల్లా మీట నొక్కమన్నారు. మొదట గబగబా నొక్కాను. తర్వాత చాలాసేపు మీట పట్టుకుని ఊరికే కూర్చున్నాను. యంత్రం ఆగిందేమో, పరీక్ష చేసే అమ్మాయి ఫోను చూసుకుంటోందేమో అని నాకు మళ్లీ కోపం రాబోయింది. అద్దంలోంచి చూస్తే ఆమె నా వైపే చూస్తూ, ఏవో మీటలు నొక్కుతూనే ఉంది. ఆమె ముఖంలో ఉన్నది జాలి అని పోల్చుకోవడానికి చెవులు అక్కర్లేదు.

"సార్, కింది సప్పుళ్లు మంచిగనే ఇనవడ్తున్నయ్. మీది సప్పుళ్లు పోయినయ్," అంది కాగితం మీద గీత చూపిస్తూ. గీత కొంత దూరం తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి కిందికి జారిపోయింది. "పిట్టల సప్పుడు, తాళాల సప్పుడు, ఆడోళ్ల సన్న గొంతు, గివన్ని. అక్షరాలల్ల గూడ కొన్ని పోతయ్ సార్. స, ష, ఫ గిసొంటియి. మిషను పెట్టుకుంటే జర ఆసరైతది."

తెలుగు చెప్పేవాడికి, సరిగమలు నేర్పినవాడికి ముందుగా పోయింది ‘స’. ఇంకొకరి విషయంలో అయితే నవ్వేవాణ్ని. మిషను సంగతి తర్వాత చూద్దామని చెప్పి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇంట్లో పాత నిఘంటువులో దాచాను. ఎవరికీ చెప్పలేదు. భయమేసింది. భజన సారుకు చెవుడని ఊళ్లో నవ్వుతారని భయం, బళ్లో ఇక చాలు పొమ్మంటారని భయం. వాటన్నిటికంటే, పాట లేకుండా మిగతా రోజులు ఎట్లా గడుస్తాయన్న భయం నన్ను తినేసింది.

ఇక్కడ మా అమ్మాయి గురించి చెప్పాలి. మా ఇద్దరికీ పాట దగ్గరే చెడింది. తనకు పదకొండేళ్లున్నప్పుడు సరళీ వరుసలు మొదలుపెట్టాను. ఒకరోజు శ్రుతి తప్పుతోందని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి హార్మోనియం మూత ధడేలున వేసి, "నీతోని గాదు, లే," అన్నాను. లేచింది. మళ్లీ నా ముందు నోరు తెరిచి పాడలేదు. అది జరిగి ఎనిమిదేళ్లయింది. ఇంజనీరింగులో చేరాక ఎక్కణ్ణుంచో ఒక పాత బేస్ స్పీకరు బాక్సు తెచ్చి ముందు గదిలో పెట్టుకుంది. అందులోంచి వచ్చేది విని, "గిది పాటనా? మిక్సీల కంకర ఏసినట్టున్నది," అన్నాను. వినాయక నిమజ్జనం నాడు మా గల్లీలోకి వచ్చిన డీజే బండికి అడ్డంగా నిలబడి బంద్ చేయించిన మనిషిని, నా ఇంట్లో దాన్ని ఎట్లా సహిస్తాను? నేను ఇంట్లో అడుగు పెడితే చాలు, తను బాక్సు ఆపేసేది.

చెవుల పరీక్ష అయిన నెలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, తన కాలేజీ స్నేహితురాళ్లు ఇద్దరు వచ్చారు. నేను లోపలి గదిలో ఇనుప మంచం మీద కూర్చుని నోటుబుక్కులు దిద్దుతున్నాను. నేను ఇంట్లో లేననుకున్నారేమో, ఉన్నట్టుండి ఒక చప్పుడు వచ్చింది. అది చెవిలోంచి రాలేదు. మంచం పట్టీలోంచి తొడలోకి, అక్కణ్ణుంచి రొమ్ములోకి వచ్చింది. లావాటి స్వరం ఒకటి వంకర్లు తిరుగుతూ, ఊగుతూ, ఆగుతూ వచ్చింది. గమకం అంటే ఏమిటో నాకు తెలుసు, ఒక స్వరాన్ని పట్టుకుని ఊపడం. ఇదీ అదే, కాకపోతే నేల లోపల ఊగుతోంది. దాంట్లో నాకు వినపడని ముక్క లేదనిపించింది. నెలల తర్వాత ఒక పాట పూర్తిగా నా దాకా వచ్చింది. ఎర్ర పెన్ను అట్లాగే పట్టుకుని కూర్చున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

లేచి ముందు గదిలోకి వెళ్లాను. నన్ను చూడగానే అలవాటు కొద్దీ మా అమ్మాయి చెయ్యి బాక్సు మీదికి పోయింది.

"బంద్ జేయకు," అన్నాను.

ముగ్గురూ నన్నే చూశారు. దీన్నేమంటారని అడిగితే ఒక పిల్ల చెప్పింది.

"డప్పు టెప్పా?" అన్నాను. నాకు వినపడింది అంతే. వాళ్లు పడీ పడీ నవ్వారు. సారు మస్తు జోకేసిండనుకున్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ పేరు డబ్‌స్టెప్ అని, కంప్యూటరు మీద చేసే ఒక రకం పాట అని తర్వాత లాప్‌టాప్ మీద చదివి తెలుసుకున్నాను. మధ్యలో ఉన్న ‘స’ నాకు చేరలేదు.

మీరెట్లా ఇందులో పడ్డారని అడిగాను. మొదటి పిల్ల పల్లె పాటలు పాడి ప్రైజులు తెచ్చుకునేదట. "మా ఊర్ల డప్పుకు ఎగిరినదాన్ని సార్ నేను. డప్పుల దెబ్బ మీద దెబ్బ పడ్తది. దీంట్ల దెబ్బ ఆలిశంగ పడ్తది. ఇగ పడ్తది, ఇగ పడ్తది అని సూసుడు ఉంటది గద, గాడ పానం గుంజుతది," అంది. రెండో పిల్ల ఎలక్ట్రిక్ గిటార్ల గోల మధ్య గొంతు చించుకుని అరిచే పాటలు వినేదట. "గా కోపం దీంట్ల గూడ ఉన్నది సార్, కాని ఒర్రెటోడు లేడు," అంది. చివరికి మా అమ్మాయి నేల చూస్తూ, "నువ్వు భజనల స్వరాలన్ని తిప్పి తిప్పి, మళ్ల పల్లవి మీద పడ్తవ్ సూడు బాపు. అందరు ఒక్కపారి అందుకుంటరు. నాకు గట్లనే అనిపిస్తది," అంది. గుడిలో ఏ మూల కూర్చుని వినేదో, నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ప్రతి ఆదివారం నేనూ ముందు గదిలోనే కూర్చున్నాను. ఒక అరచెయ్యి బాక్సు మీద ఆనించి వినేవాణ్ని. ఇది బాగుంది, ఇది ఉత్త హడావుడి అని చెప్పేంత అయ్యాను. భజన వదిలేసిన మొగుడు ఈ వయసులో డీజే పాటలు పట్టుకున్నాడని నా భార్య అందరికీ చెప్పి నవ్వింది. మా అమ్మాయి మాత్రం ఫోనులో ఎవరితోనో, "మా బాపు మస్తు మారిండు," అంటుంటే విన్నాను. నా మీద తనకు అంత ఇష్టం ఉంటుందని నేననుకోలేదు. నేను మారలేదని, పై స్వరాలు పోయి కిందపడ్డానని చెప్పాలి. చెబితే ఆ ఇష్టం పోతుందేమోనని నోరు మూసుకున్నాను. ఆదివారాలు ఎంత బాగా గడిస్తే నాకు అంత గిల్టీగా ఉండేది.

మొన్న ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, తను హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకు తనే పెట్టింది. "నేను జేసిన బాపు. మా కాలేజి ఫంక్షన్ల ఏస్తున్నం. ముందుగాల నువ్వే ఇనాలె," అంది.

మొదట బరువైన స్వరం ఒకటి మెల్లగా నడిచింది. తర్వాత అది ఆగిపోయింది. ఎంతసేపటికీ ఏమీ లేదు. మా అమ్మాయి నా ముఖంలోకి రెప్ప వేయకుండా చూస్తోంది. అప్పుడు పడింది దెబ్బ. నా వెన్ను ఝల్లుమంది. నిజంగా బాగుంది, తండ్రిని కాబట్టి అనడం కాదు. మెచ్చుకునే అలవాటు లేనివాణ్ని, ఒక మంచిమాట చెప్పాలని వెతుక్కున్నాను.

"అన్నిటికంటె గా నడుమ జాగ నచ్చింది బిడ్డ. దెబ్బ వడే ముందు ఏం సప్పుడు లేకుంట ఆపినవ్ సూడు, గట్ల ఊకునెటందుకు ధైర్యం ఉండాలె."

"ఏ జాగ?" అంది.

మళ్లీ పెట్టింది. ఆ చోటు రాగానే చెయ్యెత్తి, ఇదే, అన్నాను. మళ్లీ అదే నిశ్శబ్దం. కానీ ఈసారి నేను తన ముఖమే చూస్తున్నాను. తన పెదాలు కదులుతున్నాయి. ఇరవై ఐదేళ్లు పిల్లల నోళ్లు చూసి అక్షరాలు దిద్దినవాణ్ని, ఆ కదలిక నాకు తెలుసు. స రి గ మ ప ద ని.

హెడ్‌ఫోన్లు తీసేశాను.

"గాడ నేను పాడిన బాపు," అంది. "నువ్వు నేర్పిందే. కింది సప్పుడంత కోసేసి, దారం లెక్క సన్నగ జేసిన. నీకు ఇనవడ్తలేదా?"

వెళ్లి నిఘంటువులోంచి కాగితం తెచ్చి చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. అది ఎప్పటిదో కాగితం మీదే ఉంది, దాని గురించి అడగలేదు. "గందుకేనా మా పాటలు ఇన్నది?" అని అడిగింది. ఈ ప్రశ్న ఒక్కటి రాకూడదనే ఇన్నాళ్లు దాచాను.

"అవ్. మొదట్ల గందుకే," అన్నాను. "తర్వాత గందుకే గాదు." రెండో మాట తను నమ్మిందో లేదో తెలియదు. ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. దగ్గరికి తీసుకోవడం నాకు చేతకాదు, పక్కన నిలబడ్డాను. ఎనిమిదేళ్ల తర్వాత నాకోసం పాడిన బిడ్డతో, నువ్వు పాడని చోటే బాగుందన్నాను. అంతకంటే పెద్ద తిట్టు నా జన్మలో ఎవరినీ తిట్టలేదు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. హెడ్‌ఫోన్లు మళ్లీ నాకు పెట్టి, తన గొంతును ఒక మెట్టు కిందికి దింపింది. "ఇనవడ్తుందా?" అన్నట్టు చూసింది. లేదన్నాను. ఇంకొంచెం దింపింది. లేదన్నాను. అబద్ధం చెప్పాలని నాలుక దాకా వచ్చింది, చెప్పలేదు. అట్లా దింపుతూ దింపుతూ ఒక చోట ఆగింది. అప్పుడు వచ్చింది. ఎవరో లావుపాటి మగమనిషి గొంతు, మా అమ్మాయిదని కన్నతల్లి కూడా అనదు. కానీ మొట్టమొదటి అక్షరం, చాటలో ఇసుక జారినట్టు, స్పష్టంగా వినపడింది. ‘స’. తర్వాత రి. తర్వాత గ. అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు.

ఇంతలో నాకు ఆ పాత రోజు గుర్తొచ్చింది. చెవులు ఒక్క ఏడాదిలో పోవు, చాలా ఏళ్లు పడుతుంది, పోతున్నట్టు మనిషికి తెలియదు అని మీర్‌పేట్ అమ్మాయి చెప్పింది. పదకొండేళ్ల పిల్ల ముందు నేను మూత వేసిన రోజు, నా చెవులు ఎంతవరకు ఉన్నాయో ఎవరికి తెలుసు?

"గా దినం శ్రుతి తప్పింది నువ్వు గాదేమో బిడ్డ," అన్నాను.

తను నా వైపు తిరిగి ఏదో అంది. నాకు వినపడలేదు. హెడ్‌ఫోన్లు తీసి, మళ్లీ చెప్పమని అడిగాను.