కీసరలో దొరికిన రిఫరెన్సు

మొన్న మా కాలేజీ స్టాఫ్ రూములో ఎవరో పులిహోర డబ్బా మూత తీశారు. ఇంగువ, వేయించిన వేరుశనగ గుళ్ళ వాసన గుప్పుమంది. నేను నా కంప్యూటరు ముందు కూర్చుని ఒక పరిశోధన వ్యాసం చివర ఉండే రిఫరెన్సుల పట్టిక సరిచేస్తున్నాను. అంతే, చెయ్యి ఆగిపోయింది. నందిగామలో కూర్చున్న మనిషిని జగ్గయ్యపేటలో సుభద్ర మేడం ఇంటి వరండాలోకి వెళ్ళిపోయాను. ఆదివారాలు మేడం చాప పరిచి, కాగితాలు పేర్చి, పక్కన పులిహోర గిన్నె పెట్టేవారు. "ఖాళీ కడుపుతో రిఫరెన్సులు చూడకూడదమ్మా, కామాలు కూడా తినేస్తాం" అనేవారు.

మేడం జగ్గయ్యపేటలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. నేను అక్కడే పార్ట్‌టైం లెక్చరర్‌గా కొత్తగా చేరాను. ఆవిడ పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. నాకేమో ముక్కుమీద కోపం. ఆవిడకి కోపమే రాదు, అది చూస్తే నాకు మరింత కోపం! రిఫరెన్సులు చూడటంలో ఆవిడ పద్ధతే వేరు. ఒకరు అసలు వ్యాసం చేతిలో పట్టుకుని పైకి చదవాలి, రెండోవాళ్ళు మన పట్టికలో టిక్కు పెట్టాలి. "పేరు, కామా, ఇనీషియల్, చుక్క, సంవత్సరం..." అని మేం చదువుతుంటే వాళ్ళాయన లోపల్నుంచి "ఏంటి, ఇద్దరూ ఎక్కాలు వల్లె వేస్తున్నారా?" అని వేళాకోళం చేసేవారు. ఒకరోజు నాకు విసుగొచ్చి అడిగేశాను. "చుక్క ఉంటే ఏంటి, లేకపోతే ఏంటండీ? పురుగులు చుక్కలు చూసి చస్తాయా?" మేడం పకపకా నవ్వారు. "చావవులే. కానీ నీ వ్యాసం చదివినవాడికి ఆ పాత వ్యాసం దొరకాలిగా. ఇది అడ్రసు తల్లీ. డోర్ నంబరు తప్పు రాస్తే ఇంటికెవరొస్తారు?"

అప్పట్లో నా ప్రాణమంతా ఒక్క వ్యాసం మీదే ఉంది. పత్తి చేను గట్ల వెంట ఆముదం మొక్కలు వేస్తే లద్దె పురుగు పత్తిని వదిలి ఆముదం మీదికి పోతుందని, అంతటితో పత్తి బతికిపోతుందని అందరూ రాస్తారు. అది చూద్దామని ఆ పంటకాలమంతా వత్సవాయి చుట్టుపక్కల చేలు తిరిగాను. బస్సు దొరికితే బస్సు, ట్రాక్టరు దొరికితే ట్రాక్టరు, ఏదీ లేకపోతే నడక. తీరా చూస్తే ఆముదం వేసిన చేలల్లో కూడా పురుగు పత్తిని నమిలి పిప్పి చేసింది. ఉన్నది ఉన్నట్టు రాసి, మేడం, నేను కలిసి ఒక పరిశోధన పత్రికకి పంపాం. అది అచ్చయితేనే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నా మాటకి విలువ. చాన్నాళ్ళకి పత్రిక నుంచి జవాబొచ్చింది. మీ ఫలితం అందరూ ఒప్పుకున్న ఫలానా పాత వ్యాసానికి విరుద్ధంగా ఉంది, వారంలోగా కారణం చూపండి, లేకపోతే వేసుకోలేం అని.

 నాకు ఒళ్ళు మండింది. ఆ కాగితం పట్టుకుని నందిగామలో మా ఇంటి నుంచి జగ్గయ్యపేట పరిగెత్తాను. "కళ్ళారా చూశానండీ! ఎప్పుడో నేను పుట్టకముందు ఆయనెవరో రాసింది నిజం, నాది అబద్ధమా?"

"ఆయనేం రాశాడో నువ్వు చూశావా?" అన్నారు మేడం నింపాదిగా.

"ఆముదం వేస్తే చాలని ఆయన రాశాడని అందరూ రాశారుగా మేడం."

"అందరూ రాసింది కాదమ్మా, ఆయన రాసింది కావాలి."

ఎక్కడుంది? ఆ పాత వ్యాసం వేసిన పత్రిక ఎప్పుడో మూతపడింది, ఇంటర్నెట్‌లో ఆనవాలే లేదు. మేడం ఏమీ కంగారు పడకుండా, ఆ పాత వ్యాసాన్ని పేర్కొన్న కొత్త వ్యాసాలన్నిటినీ వరండాలో పరిచారు. ఒక్కొక్కదాని చివర ఆ రిఫరెన్సు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. నేను వంగి చూశాను. ఆ పాత వ్యాసం మొదటి పేజీ నంబరు పెద్దది, చివరి పేజీ నంబరు చిన్నది! "ఏ వ్యాసమైనా వెనక్కి నడుస్తుందా?" అంటూ పక్కది చూపించారు. అందులోనూ అంతే. ఆ పక్కదాంట్లోనూ అంతే. "పరీక్ష హాల్లో వరసగా నలుగురు ఒకే తప్పు రాస్తే ఏమంటాం?"

"కాపీ అంటామండీ!" అని అరిచాను.

"ఒక్కళ్ళు కూడా అసలు వ్యాసం తెరవలేదే పిల్లా! ఒకళ్ళని చూసి ఇంకొకళ్ళు దించేసుకున్నారు." ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి. నాకు ఇక కాళ్ళు నిలవలేదు. ఒకే ఒక్క వ్యాసంలో మాత్రం ఆ రచయిత పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. మనవాళ్ళలో ఇంటిపేరు తెలిస్తే సగం ఊరు తెలిసినట్టే కదా. మేడం ఫోను తీశారు. "ఒదినా, కీసరలో ఫలానా ఇంటిపేరు వాళ్ళు ఉండాలిగా?" అని మొదలుపెట్టి, ఒదిన గారి నుంచి పిన్నికి, పిన్ని నుంచి ఆవిడ వియ్యపురాలికి పాకించారు. పెద్దాయన ఉద్యోగం నుంచి రిటైరై కీసరలోనే సొంత పొలం చూసుకుంటున్నారట. ఎన్నిసార్లు కీసర మీదుగా విజయవాడ వెళ్ళానో, బస్సు కిటికీలోంచి చూస్తూనే పోయాను!

మర్నాడు మేడం జగ్గయ్యపేటలో ఎక్కి, నాకోసం సీటు మీద చేతిరుమాలు వేసి ఉంచారు. నేను నందిగామలో ఎక్కాను. కీసరలో దిగి అడిగితే ఇల్లు ఇట్టే చూపించారు. పెద్దాయన పంచె మోకాళ్ళ పైకి కట్టి పెరట్లో పాదులు చేస్తున్నారు. మేడం సంగతంతా చెప్పి, "ఆముదం వేస్తే చాలని మీరు రాశారంటున్నారండీ" అన్నారు. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది.

"ఎవడన్నాడమ్మా ఆ మాట? నేనా? వేస్తే చాలదు! పురుగు వచ్చి ఆముదం ఆకుల కింద గుడ్లు పెట్టుద్ది. ఆ ఆకులు ఎప్పటికప్పుడు కోసి పాతిపెట్టాలి. కొయ్యకపోతే అక్కడే మేసి, బలిసి, మళ్ళీ పత్తి మీదకే వస్తది."

వాళ్ళావిడ మజ్జిగ గ్లాసులు అందిస్తూ, "ఈ మాట అరవడానికి ఇన్నాళ్ళకి మనుషులు దొరికారు ఆయనకి. కూర్చోండమ్మా, ఇప్పట్లో వదలరు" అన్నారు.

నేను కూర్చుంటే కదా! "మేడం! మన చేలల్లో ఒక్క రైతు కూడా ఆకు కొయ్యలేదండీ!" అంటూ ఎగిరి గంతేశాను, మజ్జిగ చీర మీద ఒలికింది. నా ఫలితం ఆయన మాటకి విరుద్ధం కానే కాదు. ఆయన చెప్పినదాంట్లో సగం దారిలోనే జారిపోయింది, ఆ సగమే నాకు వత్సవాయిలో కనపడింది. కానీ మేడం తల అడ్డంగా ఊపారు. "నోటిమాట పత్రికకి చాలదండీ. ఆ వ్యాసం కావాలి." బీరువా వెతికాం, అటక మీద ట్రంకు పెట్టె దించాం. "చెదలు తిన్నాయేమో" అని వాళ్ళావిడ అన్నప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. చివరికి పాత పంచాంగాల దొంతరలో, అంచులు పచ్చబడి, చెక్కుచెదరకుండా దొరికింది. మేడం ముందుగా పేజీ నంబర్లు చూసి, "అంకెలు తారుమారు చేశారు, అంతే" అని నవ్వుకున్నారు. తర్వాత ఆకులు కొయ్యాలన్న వాక్యం దగ్గరికి రాగానే చదవడం ఆపి, కాగితాలు నా చేతిలో పెట్టారు. "నువ్వు చదువు. మొదటి నుంచీ చదువు. రేపెవరన్నా అడిగితే చదివానని నువ్వు చెప్పాలి." ఆ చావడిలో గట్టిగా చదివాను. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు.

గడువు దాటకుండా జవాబు పంపాం. వ్యాసం అచ్చయింది, నాకు పీహెచ్‌డీ సీటొచ్చింది. అచ్చయిన ప్రతి ఒకటి పట్టుకుని ఇద్దరం కీసర వెళ్ళాం. పెద్దాయన నా పేరు చూడలేదు, మా పటాలు చూడలేదు. నేరుగా చివరి పేజీ తిప్పి, తన రిఫరెన్సు మీద వేలు పెట్టి, "ఏమేవ్, ఇటు రా! నా పేజీలు సరిగ్గా పడ్డాయి!" అని వాళ్ళావిడని కేకేశారు. తిరుగు బస్సులో మేడం నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు.

మేడం పోయినేడు చనిపోయారు. ఆదివారం వస్తే ఇప్పటికీ ఎటు పోవాలో తోచదు నాకు. అయితే ఆవిడ నాకు అంటించిన పిచ్చి ఒకటుంది. ఏ వ్యాసం పంపేముందైనా, నా పట్టికలో ఉన్నవాళ్ళలో ఒక్కరికైనా ఫోను చేసి, మీరన్న మాట నేను సరిగ్గానే రాశానా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు అనుమానపడతారు. పోయినవారం ఎక్కడో దూరపు ఊళ్ళో ఉన్న ఒక రిటైరైన పెద్దావిడ నంబరు సంపాదించి, ఆవిడ వాక్యం ఒకటి చదివి వినిపించాను.

"నా వ్యాసం చదివావా అమ్మా?"

"చదివానండీ. మొదటి పేజీ నుంచి."

"ఉండు తల్లీ, ఫోను పెట్టెయ్యకు. కళ్ళజోడు తెచ్చుకుంటా."