ఎండాకాలపు బిరడా

రియాద్‌లో కాపురం పెట్టిన కొత్తలో నన్ను అన్నిటికన్నా తికమక పెట్టింది అరబ్బీ భాష కాదు, స్నానాలగదిలో కుళాయిలు. ఎండాకాలంలో అక్కడ చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. మేడ మీద తొట్టిలో పొద్దంతా కాగిన నీళ్ళే తిన్నగా దిగుతాయి మరి. అందుకని వేసవి రాగానే గీజరు ఆపేస్తారు. ఏసీ వేసిన ఇంట్లో గీజరులో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి, వేడినీళ్ళ కుళాయిలోంచి హాయిగా చన్నీళ్ళు వస్తాయి. చలి మొదలవగానే అంతా మళ్ళీ తారుమారు. ఎర్ర బొట్టున్న కుళాయి సగం ఏడాది చల్లనిది, సగం ఏడాది వేడిది అన్నమాట. నేను అలవాటు పడేసరికి ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకున్నానో నాకే గుర్తులేదు.

మా అత్తగారు అసలు అలవాటు పడనేలేదు. మామగారు పోయాక ఆవిణ్ణి విజిట్ వీసా మీద తెచ్చుకున్నాం. నడివేసవిలో దిగారు. "ఎర్రదాంట్లో చన్నీళ్ళేవిటే, ఇదేం ఊరే" అని రోజూ అడిగేవారు. నేను రోజూ చెప్పేదాన్ని. మా వాటా మొదటి అంతస్తులో. కిటికీలకు మందపాటి తెరలు. గడప దాటాలంటే ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా వేసుకోవాలి, కొడుకు తోడుండాలి. మా ఆయన డ్యూటీకి వెళ్తే పొద్దు గూకేదాకా ఆ ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ గంటలకొద్దీ మాట్లాడేవారు కాదు. నామీద కోపమేమో అనుకుని నేనూ మూతి ముడుచుకుని తిరిగేదాన్ని. ఇద్దరికిద్దరం సరిపోయాం.

మా ఆయన ఊరి శివార్లలో సులైలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరు. బాయిలర్ దగ్గర ఎవడు జాగ్రత్త తప్పినా చెడామడా తిట్టే మనిషి. అదేం చిత్రమో, ఆ జాగ్రత్తంతా ఫ్యాక్టరీ గేటు దగ్గరే దిగబెట్టి వచ్చేవారు. ఇంట్లో గీజరుకి థర్మోస్టాట్ పాడైతే ఎలక్ట్రీషియన్ చేత వైరు డైరెక్ట్ ఇప్పించేశారు. అంటే నీళ్ళు కాగాక అది తనంతట తాను ఆగదు, మనమే స్విచ్చి కట్టేయాలి. ఆ వేసవిలో గీజరు కిందున్న, లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వు బొట్టుబొట్టుగా కారడం మొదలెట్టింది. ఆ బొట్లు సరిగ్గా అత్తగారి మడిబట్ట మీద పడేవి. ఆవిడ సణిగారు, నేను ఈయన్ని సాధించాను. ఒక శుక్రవారం స్పానరు పట్టుకుని బయల్దేరారు. వాల్వు విప్పేసి, దాని జాగాలో టెఫ్లాన్ టేపు చుట్టిన ఇత్తడి బిరడా ఒకటి బిగించారు.

"కొత్త వాల్వు తేవచ్చు కదండీ" అన్నాను.

"ఎందుకోయ్, ఇప్పుడు గీజరు వేస్తున్నామా ఏమన్నానా? ఇది ఉత్త నీళ్ళ తొట్టి. చలికాలం ముందు మారుద్దాంలే."

చలికాలం వచ్చింది. గీజరు వేశాం. బిరడా సంగతి ఆయనా మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. చిత్రమేమిటంటే ఏమీ కాలేదు. కాగిన నీళ్ళు ఉబ్బి, వచ్చిన పైపులోంచే వెనక్కి మేడ మీద తొట్టిలోకి ఎగదన్నుకుంటాయట. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం బాధ లేదట. ఇదంతా తర్వాత ఆయన నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అప్పుడు నాకు ఆ బొమ్మ చింపి ఆయన మొహాన కొట్టాలనిపించింది.

ఆ జనవరిలో రియాద్‌లో ఎన్నడూ ఎరగనంత చలి పడింది. ధనుర్మాసం కదా, అత్తగారు తెల్లవారుతుండగానే తలస్నానం చేసి, తెరలు వేసిన గదిలో గొంతు పైకి రాకుండా పూజ చేసుకునేవారు. ఆ పొద్దున నేను గీజరు వేసి వంటింట్లోకి వెళ్తే కుళాయిలో చుక్క లేదు. మోటారు పాడయిందేమో అనుకున్నాం. తొట్టి ఖాళీ అయిందేమో అనుకున్నాం. బిల్డింగ్ చూసుకునే హారిస్, బంగ్లాదేశ్ మనిషి, తలుపు దగ్గరికొచ్చి "సాబ్, టంకీ ఫుల్ హై, పానీ నహీ ఆతా" అన్నాడు. తొట్టి నిండుగా ఉండి నీళ్ళు రాకపోవడమేమిటో ముగ్గురికీ అంతుపట్టలేదు. మా ఆయన అతనితో పైకి వెళ్ళారు. ఈ గొడవలో గీజరు స్విచ్చి కట్టేయడం నాకు తట్టలేదు. అత్తగారు ఎప్పుడు స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారో కూడా చూడలేదు.

కాసేపటికి మా ఆయన మేడ మీంచి ఫోన్ చేశారు. "పైపుల్లో నీళ్ళు గడ్డకట్టాయోయ్. ఇతను అట్టముక్కలు కాల్చి పైపు కింద పెడుతున్నాడు. వద్దురా బాబూ, ప్లాస్టిక్ పైపు వంకర పోతుందంటే వినడే." ఎడారిలో మంచు గడ్డేమిటో నాకు అర్థం కాలేదు, నవ్వాను. ఆయన ఉన్నట్టుండి వేరే గొంతుతో "గీజరు ఆపావా?" అన్నారు.

"లేదండీ. అత్తయ్య స్నానానికి వెళ్ళారు."

"అయ్యో, ఆ బిరడా. ముందు స్విచ్చి కట్టెయ్. అమ్మని బయటికి పిలువు, ఏ కుళాయీ ముట్టుకోవద్దను. వచ్చేస్తున్నా."

ఆ బిరడాకీ, పైనున్న గడ్డకీ, అత్తయ్యకీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. ఆయన గొంతులో భయం మాత్రం బోధపడింది. పరిగెత్తి స్విచ్చి కట్టేశాను. తలుపుకి చెవి పెడితే లోపల గీజరు మూలుగుతోంది. మధ్యమధ్యలో టక్కు టక్కుమని రేకు ఎగదన్నే చప్పుడు.

"అత్తయ్యా, బయటికి రండి. గీజరు పేలేట్టుంది."

"నీళ్ళు రానీ. స్నానం కాకుండా ఎట్లా వస్తాను?"

"నీళ్ళు రావు. మీ అబ్బాయి రమ్మంటున్నారు."

"బట్ట విప్పేసి కూర్చున్నానే. మడి కట్టుకుందామంటే స్నానం కాలేదు. నువ్వెళ్ళు."

గీజరు సరిగ్గా ఆవిడ కూర్చునే ప్లాస్టిక్ పీట పైనే ఉంటుంది. తలుపు బాదాను. బతిమాలాను, కేకలేశాను. ఇంత మొండిపట్టు ఏమిటి మీకని పెద్దంతరం చిన్నంతరం లేకుండా అరిచాను. "పేలుతుంది అత్తయ్యా, మీ నెత్తిమీదే పేలుతుంది" అన్నాను. స్విచ్చి కట్టేసినా, అప్పటికే కాగిపోయిన నీళ్ళకి ఆ రేకు చప్పుడు దగ్గరదగ్గరగా వస్తోంది. తలుపు విరగ్గొట్టే బలం నాకు లేదు, ఈయన ఇంకా మెట్ల మీదే ఉన్నారు. నాకు బుర్ర పనిచేయలేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"అత్తయ్యా, మీ అబ్బాయి మెట్ల మీద పడిపోయారు. లేవట్లేదు."

గడియ ఊడింది. ఆవిడ ఒంటికి తువ్వాలు చుట్టుకుని, జుట్టు విరబోసుకుని నన్ను తోసుకుంటూ పరిగెత్తారు. మడి లేదు, అబాయా లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు. పరాయి మగవాడి గొంతు వినబడితే లోపలికి వెళ్ళిపోయే మనిషి ఆ మెట్లెక్కుతూ, అబ్బాయ్, అబ్బాయ్ అని పిలుస్తున్నారు. నేను దుప్పటి లాక్కుని వెంటపడ్డాను. పైనుంచి దిగుతున్న మా ఆయనకు రెండో మలుపులో ఎదురయ్యారు. ఆవిడ ఆయన తల తడిమారు, భుజాలు తడిమారు, మోకాళ్ళు తడిమారు. ఆయన బిత్తరపోయి నావంక చూశారు. ఆవిడ నావంక తిరగబోతుండగా కింద ఢామ్మని మోత మోగింది. మెట్లు అదిరాయి.

మేం దిగేసరికి స్నానాలగది నిండా ఆవిరి. గీజరు అడుగు చీలిపోయింది, పలకలు పగిలిపోయాయి. ప్లాస్టిక్ పీట ఒక పక్కకు కరిగి వంగిపోయి గుమ్మం దగ్గర పడి ఉంది. మా ఆయన ఆ పీట పట్టుకుని అలాగే గోడకానుకున్నారు.

తర్వాత ఆయన కొత్త గీజరు కోసం బజారుకి వెళ్ళారు. అత్తగారు స్నానం లేకుండానే చీర కట్టుకుని వంటింటి గడపలో కూర్చున్నారు. మొగుడు పడిపోయాడని ఆ నోటితో ఎలా అన్నావే అని కడిగేస్తారని ఎదురుచూస్తున్నాను. క్షమించమనడానికి మాటలు కూడా వెతుక్కున్నాను.

"మంచి అబద్ధమాడావు" అన్నారు.

"మీరు వినిపించుకోకపోతిరి అత్తయ్యా. పేలుతుందని ఎంత మొత్తుకున్నానూ?"

"వినబడిందే. నాకేం చెవుడా? మొదటిసారే వినబడింది."

"మరి రాలేదేం?"

"ఏమో. పేలితే పేలనీలే అనిపించింది." పప్పులో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా చెప్పారు. "ఇక్కడ నాతో ఎవరికేం పని కనక? పొద్దున లేచి కూర్చోవడం, రాత్రికి పడుకోవడం. వాడు పడ్డాడన్నావు చూడు, అప్పుడు మాత్రం కాళ్ళు వాటంతటవే లేచాయి."

ఇన్నాళ్ళూ నామీద అలకనుకున్నది ఇదా? పక్కపక్కన తిరుగుతూ నాకు తెలియలేదేం? ఆవిడ మీద కోపం వచ్చింది, పట్టరానంత కోపం. ఏడుపూ వచ్చింది. దగ్గరికి తీసుకోవాలో తిట్టాలో తెలియలేదు. ఏదో ఒకటి అనాలి కదా, నా నోటికి వచ్చింది ఇదే.

"మీతో పని లేదని ఎవరన్నారు? రేపు ఇడ్లీకి మినప్పప్పు ఎవరు నానబోస్తారు? నేను పోస్తే గట్టిగా వస్తున్నాయని మీరే కదా వంకలు పెట్టేది?"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"నీళ్ళేవే, నానబోయడానికి?" అన్నారు.

నేను తాగే నీళ్ళ డబ్బా దొర్లించుకుంటూ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.