ఓరుగల్లు కోటలో పలికిన బావ

నమ్మితే నమ్మండి, లేకుంటే నవ్వుకోండి. నేను బొగ్గు తవ్వేవాణ్ని, ఖాళీ దొరికితే డోలక్ కొట్టేవాణ్ని. కథలు అల్లడం నాకు రాదు. ఇది నా చెవులతో విన్నదే.

ఓరుగల్లు కోటలో ఏటా పాటల పండుగ జరుగుతుంది. కాకతీయుల రాజధాని కదా... రాతి తోరణాల మధ్య వేదిక, ఎక్కడెక్కడి నుంచో పెద్ద పెద్ద కళాకారులు. ఆ ఏడు మా గోదావరిఖని జట్టుకూ పిలుపు వచ్చింది. జట్టంటే మరెవరో కాదు, గనిలో ఒకే చోట పనిచేసే మేమే. రాజన్న పాడతాడు, మిగతావాళ్ళం వంత.

అందరికీ సెలవు దొరకలేదు. మా చెల్లెలి భర్త సమ్మయ్య ఆగిపోయాడు.

"నువ్వు పో బావా. డోలక్ లేకుంటే పాట నడువది. నేను డ్యూటీ చూస్కుంట," అన్నాడు.

చెల్లెలు మాత్రం పిల్లాణ్ని ఎత్తుకుని మాతో వ్యాన్ ఎక్కింది. పండుగ చూడాలని దాని సరదా.

రాత్రి మా పాట సగంలో ఉంది. జనం ఊగుతున్నారు. అంతలో టప్‌మని కరెంటు పోయింది. మైకులు చచ్చాయి. కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి.

జనం కేకలు వేశారు. మాకు మాత్రం చీకటి కొత్త కాదు. గనిలో దీపం ఆరినా, దుమ్ము కమ్మినా మేం చేసే పని ఒకటే. ఉన్నచోటే నిలబడి పేర్లు పిలుస్తాం. పిలిచినవాడు పలకాలి. పలకకపోతే వెతకాలి. ఆ అలవాటు నోటికి పట్టేసింది. వేదిక మీద ఉన్నానన్న ఆలోచన కూడా లేకుండా పిలిచేశాను.

"రాజన్నా!"

"ఆఁ... ఉన్న."

"కొమురయ్యా!"

"ఉన్న."

అదే ఊపులో...

"సమ్మయ్య బావా!"

అన్నాక గానీ గుర్తుకు రాలేదు, అతను రాలేదని. నాలుక కరుచుకున్నాను.

అప్పుడు... నా ఎడమ పక్క నుంచి... మెల్లగా...

"ఈడ్నే ఉన్న బావా."

చెంపలో తంబాకు పెట్టుకుని మాట్లాడే మాట. అదే గొంతు. అతను ఎప్పుడూ నిలబడే చోటు. చేయి చాస్తే అందేంత దగ్గర.

నేను చేయి చాపలేదు.

జనరేటర్ గుర్రుమంది. లైట్లు వెలిగాయి. ఎడమ పక్క... ఎవరూ లేరు. రాజన్న నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని పాట అందుకున్నాడు. నా చేతులు వాటంతటవే వాయించాయి. చప్పట్లు బాగానే పడ్డాయంటారు, నాకు తెలియదు.

కిందికి దిగేసరికి, వేదిక పక్కనే కూర్చున్న చెల్లెలు ఎదురొచ్చింది.

"అన్నా... ఆయన ఎప్పుడొచ్చిండు?"

"రాలేదు చెల్లె."

"పలికిండు గద! నేను గుడ విన్న."

అంతే. అప్పటిదాకా బిగబట్టుకున్న భయం ఒక్కసారిగా మీద పడింది. అతను ఆ వేళ గని లోపల ఉన్నాడు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. పైనున్న ఆఫీసుకు ఫోన్ చేస్తే, "షిఫ్టు నడుస్తున్నది, అంత మంచిగనే ఉన్నది," అన్నారు. ఆ మాట చెల్లెలికి చాలలేదు. నాకూ చాలలేదు.

వెంటనే వ్యాన్ ఎక్కాం. దారి పొడుగునా చెల్లెలు పుస్తెలు పట్టుకునే కూర్చుంది. తెల్లవారుతుండగా గని దగ్గర దిగాం. మనుషులు బయటికి వస్తున్నారు. ఒక్కొక్క నల్లటి ముఖం చూస్తున్నాం... అతను కాదు... ఇతనూ కాదు...

చివరన వచ్చాడు. సుఖంగా. నవ్వుతూ.

"పాట ఎట్లయింది బావా?"

చెల్లెలు అందరి ముందే అతన్ని పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంగతంతా చెబితే తల గోక్కున్నాడు.

"నాకేం ఎర్కలే. రాత్రంత పని చేసిన. గంతే."

అతనికేమైనా అయి ఉంటే దయ్యమనేవాళ్ళం, ఏడ్చి ఊరుకునేవాళ్ళం. ఏమీ కాలేదు. బతికున్న మనిషి గొంతును ఏమనాలి? కోట రాళ్ళకు ప్రతిధ్వని ఉంటుందని ఎవరో అన్నారు. ఉండొచ్చు. కానీ నేను పిలిచింది వేరు, తిరిగి వచ్చిన మాట వేరు.

ఈమధ్య ఒక రాత్రి సమ్మయ్య, నేను డ్యూటీ దిగి వాళ్ళింటికి వెళ్ళాం. అతను తలుపు కొట్టి, "నేనే, తియ్యి," అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. కిటికీ రెక్క కొంచెం కదిలింది. చెల్లెలు అతని ముఖం చూసింది, పాదాలు చూసింది, అప్పుడు గడియ తీసింది.

"రోజు గిదే లొల్లి. నా గొంతు గుర్తు పట్టవా?" అని విసుక్కున్నాడు.

"గుర్తు పడ్త," అంది చెల్లెలు. "గా రాత్రి గుడ గుర్తు పట్టిన."