చేను మధ్యలో అవ్వ: మా అమెరికా వదినతో గండికోట నుంచి గండి దాకా

మా అమ్మాయి, అల్లుడు బెంగళూరులో ఉంటారు. అల్లుడు పాల్‌ది అమెరికా. కొడుకును చూడటానికి ఈ జనవరిలో వచ్చిన అతని తల్లి రూత్, ప్రొద్దుటూరులో మా ఇంట్లో వారం రోజులు ఉంది. వియ్యపురాళ్లం కాబట్టి ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. నాది డిగ్రీలో చదువుకున్న ఇంగ్లీషే అయినా, నిదానంగా మాట్లాడితే ఇబ్బంది లేదు. మూడో రోజు పొద్దున ఆమె టిఫిన్ ముట్టకుండా ఫోన్ పట్టుకుని మిద్దె మీద తిరుగుతుంటే ఏమైందని అడిగాను. "మా తాత పొలం అమ్మేస్తున్నారు. తమ్ముడు సంతకం పెట్టాడు, నేనింకా పెట్టలేదు. ఆదివారానికల్లా చెప్పాలి" అంది. ఆ రోజు గురువారం. ఇంట్లో కూర్చుంటే ఇదే ఆలోచన, బయట తిరిగితే కాస్త తేలికపడుతుందని శనివారానికి కారు మాట్లాడాను. డీజిల్‌తో కలిపి మూడువేల ఐదువందలు, డ్రైవర్ మస్తాన్ భోజనం మనదే.

ఆరింటికి బయలుదేరి, జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని, ఏడున్నరకల్లా గండికోట చేరాం. ముగ్గురికీ టీలతో సహా నూట అరవై అయింది. లోయ అంచున అందరూ ఫోటోలు దిగుతుంటే వదిన మాత్రం రాళ్లనే చూస్తూ నిలబడింది. "మా తాతను ఇక్కడ నిలబెడితే ఏడ్చేసేవాడు" అని నవ్వింది. ఎందుకని అడిగాను. వాళ్ల తాత, అవ్వ జర్మనీలో ఒక పల్లె నుంచి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్లి, చవగ్గా దొరికిందని రాళ్ల పొలం కొన్నారట. చలికాలం నేల గడ్డకట్టి, వసంతంలో కరిగేటప్పుడు కింది రాళ్లు పైకి తేలుతాయట. ఏటా ఇంటిల్లిపాదీ రాళ్లు ఏరాకే దుక్కి. పిల్లలు బడికి పోయే ముందు ఒక బండెడు ఏరాలి. భాష సంగతి కూడా అడిగాను, మీ ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్లా అని. "రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక బయట ఆ భాష మాట్లాడితే అనుమానంగా చూసేవాళ్లు. తాత ఇంట్లో కూడా వద్దన్నాడు. అవ్వ మాత్రం పాలు పిండేటప్పుడు ఆవులతో జర్మన్‌లోనే మాట్లాడేది. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆవుల్ని బుజ్జగించే మాటలే" అంది.

జమ్మలమడుగు మీదుగా ముద్దనూరు వెళ్తూ, కలమల్ల వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తుండగా అసలు సంగతి చెప్పింది. తాతావ్వల మొదటి బిడ్డ, ఆడపిల్ల, అక్కడికి వెళ్లిన మొదటి చలికాలంలోనే పుట్టిన నెల లోపు పోయింది. నేల ఇనుములా ఉంది, గడ్డపార దిగదు. చిన్న పెట్టెలో పెట్టి, మంచు కరిగేదాకా కొట్టంలో ఉంచారు. తర్వాత పొలంలోనే పూడ్చి, చేలో దొరికిన రాయే ఒకటి నిలబెట్టారు. తొంభై ఏళ్లకు పైగా నాగలి ఆ రాయిని చుట్టి పోతూనే ఉంది. ఇప్పుడు కొనేవాళ్లకు పెద్ద పెద్ద యంత్రాలున్నాయి, మధ్యలో అడ్డం ఉండకూడదంటున్నారు. ఎముకలు తీసి చర్చి శ్మశానంలో పెడదామంటాడు తమ్ముడు. అతనికి అప్పులున్నాయి, అమ్మక తప్పదు. "వాడిది తప్పనలేను. కానీ మా అవ్వ ఆదివారం కాఫీ అయ్యాక ఒక్కతే ఆ రాయి దగ్గరికి వెళ్లేది. కదిలించమని నేనెలా సంతకం పెట్టను?" అంది. బత్తాయి వలిచి చేతిలో పెట్టాను.

ముద్దనూరు దాటి పులివెందుల దారిలో అన్నీ చీనీ తోటలే, అంటే బత్తాయి తోటలు. మోకాళ్లు పట్టేశాయని వదిన అంటే మస్తాన్ ఒక తోట పక్కన ఆపాడు. నేను నీళ్ల సీసా తీసేలోపే వదిన నాలుగడుగులు లోపలికి వెళ్లి, సున్నం కొట్టిన అరుగొకటి కనిపిస్తే కూర్చుంది. గొర్రెల వెనక వస్తున్న పెద్దాయన అక్కడి నుంచే కేక వేశాడు.

"ఓయమ్మా! ఆ దొరసానిని లెయ్యమని చెప్పు! మా అవ్వ మింద కూచున్యాది!"

నాకు సగం నవ్వు, సగం భయం. అది వాళ్లవ్వ సమాధి అని చెప్పగానే వదిన ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ జోడించింది. ముఖం ఎర్రబడింది. ఆయన పేరు ఓబులేసు. దగ్గరికొచ్చి ఆమెను చూసి మెత్తబడ్డాడు.

"పర్వాల్యా తల్లీ. బతికుండంగా గూడా మేమంతా ఆమె మిందే పడి ఉంటిమి. యాడి నుంచి వచ్చినారు?"

చెప్పాను. "ఈ తోట మీదేనా అన్నా?" అని అడిగాను.

"మాది కాదక్కా. మా నాయిన కాలంలోనే అమ్మేసినాం."

ఇది ఇంగ్లీషులో చెప్పగానే వదిన నా చెయ్యి పట్టుకుంది. "అయితే సమాధి ఎలా ఉంచారు? అడుగు, అడుగు" అంది.

"ఏందమ్మా ఆమె అడిగేది? చేను అమ్మినాం గానీ అవ్వను అమ్ముకుంటామా? ఈ జాగా, రోడ్డు కాడికి దోవ ఇడ్సిపెట్టి రాసిచ్చినాం. కొన్నాయన మొదట శానా గొణిగినాడు. ధర కొంచెం తగ్గించుకున్యాం, సరే అన్యాడు. ఏటా వచ్చి సున్నం కొట్టి, సంగటి పెట్టి పోతాం. ఇప్పుడు ఆయనే డ్రిప్పు పైపు గూడా పక్కకు తిప్పి ఏసినాడు సూడు."

మస్తాన్ అందుకున్నాడు. "మా దిక్కు అంతా ఇట్లే మేడమ్. ఎన్ని చేన్లు చేతులు మారినా ఇవి మారవు."

వదిన పైపు వంపు తిరిగిన చోట వంగి చాలాసేపు చూసింది. "మా ఊళ్లో ఈ మాట ఎవరూ అనలేదు. అమ్మాలి, లేదా ఉంచుకోవాలి అనే అనుకున్నాం" అంది.

పులివెందులలో భోజనానికి రెండయింది. సంగటి, నాటుకోడి పులుసు ముగ్గురికి ఆరువందల ఇరవై. సంగటి ముద్దను వేలితో నొక్కి చూసి, వాళ్లవ్వ బంగాళదుంపతో ఇలాగే ముద్దలు చేసేదని చెప్పింది వదిన. ఆ మూడు రోజుల్లో మొదటిసారిగా మారు వడ్డించుకుంది. గండిలో ఆంజనేయస్వామి దర్శనం అరగంటలో అయింది. పాపఘ్ని ఒడ్డున కాసేపు కూర్చుని, వేంపల్లె మీదుగా ఏడింటికి ఇల్లు చేరాం. మొత్తం నాలుగువేల ఆరువందలలో అయిపోయింది. ఇదే దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ముద్దనూరు, పులివెందుల మధ్య గంట సమయం చేతిలో ఉంచుకోండి, తోటల్లో సున్నం కొట్టిన అరుగు కనిపిస్తే కూర్చోకముందు ఎవరినైనా అడగండి.

ఈ దారిలో పాతికేళ్లుగా తిరుగుతున్నాను. ఈ సమాధులు నాకు కరెంటు స్తంభాల్లాగే కనిపించేవి. ఎవరివి, చేను చేతులు మారితే ఏమవుతాయి అని ఏనాడూ అడగలేదు. దూరదేశం నుంచి వచ్చినామె కూర్చుంటే గానీ తెలియలేదు. రాత్రి వంట చేస్తుండగా వదిన వంటింట్లోనే స్టూలు వేసుకుని తమ్ముడికి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. రాయి చుట్టూ జాగా, అక్కడికి దోవ వదిలి అమ్ముదాం, ధర తగ్గుతుంది, ఆ తగ్గేదంతా నా వాటాలో కోసుకో అని చెప్పింది. అవతలి నుంచి ఆయనేదో అడిగాడు, ఈమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"యంత్రం చుట్టి తిరగాలంటే రాయికి ఎన్ని అడుగులు వదలాలి అని అడుగుతున్నాడు."

"అంటే ఒప్పుకున్నట్టా?"

"మా ఇంట్లో ఎవరూ సరే అనరు వదినా" అంది. "కొలతలు అడుగుతారు."