మచ్చలు కప్పుకోని ఉషారాణి

కోదాడ బస్టాండు వెనక సందులో ఉషారాణి బ్యూటీ పార్లర్‌కి తొలిసారి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. పదిమందికి అందం దిద్దే మనిషి ముఖం మీదా చేతుల మీదా తెల్లటి బొల్లి మచ్చలు! కొందరు అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. వాళ్ల కోసం ఆమె ఏనాడూ బెంగపడలేదు. ఆ మచ్చల్ని పది నిమిషాల్లో కప్పేసే పనితనం ఆమె చేతిలోనే ఉంది. తన మీద మాత్రం ఒక్కసారీ వాడలేదు. "దేవుడు చూసేది లోపల. ఆయనకి లేని ఇబ్బంది నాకెందుకు?" అంటుంది. గర్వమంటే గర్వమే అనుకోండి.

పెళ్లికూతురి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించనిదే దువ్వెన ముట్టదు. "ప్రభువా, పైన నేను దిద్దుతాను, లోపల నువ్వు దిద్దు." ఆ తర్వాత తెల్ల ముసుగు కొస పట్టుకుని పెళ్లికూతురి వెనకే చర్చి వేదిక దాకా నడుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆమెకు అదే పండుగ.

మొన్నామధ్య రోజా పెళ్లి. ఆమె చేతుల్లో పెరిగిన పిల్ల. ఒకప్పుడు పక్కింటివాళ్లు, ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నారు. ముస్తాబు సగంలో ఉండగా రోజా తల్లి కమల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"వదినా, ఏమనుకోకు. మిర్యాలగూడ నుంచి మగపెళ్లోళ్లు పెద్దోళ్లంత వచ్చిన్రు. లైవ్ గూడ పెట్టిన్రు. జర నీ మొఖానికి, చేతులకు గింత క్రీమ్ పూసుకో. లేకుంటే ముసుగు ఇంకెవరన్న పట్టుకుంటరు."

క్రీమ్ డబ్బా ఉషారాణి చేతికందే దూరంలోనే ఉంది. ఆమె దానివంక ఒకసారి చూసింది.

"పూసుకోను వదినా. పిల్లని ముస్తాబు చేసి ఇంటికెళ్తాను. ముసుగు ఎవరినైనా పట్టుకోమను," అని దువ్వెన అందుకుంది.

రోజా అద్దంలోంచి తల్లిని చూసింది. "అమ్మా, నీకూ నాకూ చికెన్‌పాక్స్ వచ్చినప్పుడు మనింటి గడప ఎవరన్న తొక్కిన్రా? సుట్టాలు గూడ రాలే. రోజూ మనకు అన్నం తినిపిచ్చింది, తల దువ్వింది ఈ చేతులే. అత్త పట్టుకోకుంటే నాకు ముసుగే వద్దు."

కమల తల వంచుకుని బయటికి వెళ్లిపోయింది.

చర్చిలో ముసుగు కొస ఉషారాణి చేతిలోనే ఉంది. లైవ్‌లో ఆ చేతుల్ని మూడు ఊళ్లూ చూశాయి. ఆమె తలెత్తుకునే నడిచింది.

వారం తర్వాత ఆల్బమ్‌కి ఫొటోలు ఏరడానికి కమల ఆమెను స్టూడియోకి వెంటబెట్టుకెళ్లింది. ఫొటోగ్రాఫర్ కంప్యూటర్ మీద వేలుపెట్టి, "ఈ ఆంటీ మచ్చలు తీసేయమంటారా మేడమ్?" అని అడిగాడు.

ఉషారాణి నోరు తెరిచేలోపే కమల అందుకుంది.

"ఒక్కటి గూడ ముట్టుకోకు బాబూ. అవి తీసేస్తే మా వదిన గాదు."